ప్లీహం స్లైడ్‌లో వైట్ పల్ప్ తెలియాలంటే ముందు ఆర్టరీని వెతుకు తమ్ముడూ

నువ్వడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే ఇదే అనుమానం ఏటా ఫస్ట్ ఇయర్ పిల్లల్లో చాలామందికి వస్తది. విజయవాడలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం, హిస్టాలజీ ప్రాక్టికల్‌లో ప్లీహం స్లైడ్ ఇచ్చారు, నీలం మచ్చలు కనపడ్డాయి, అవి వైట్ పల్ప్ (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు గుంపు కట్టిన భాగం, మిగతా రక్తం నిండిన భాగం రెడ్ పల్ప్) అని తెలిసింది, కానీ అందులో పాల్స్ (ఆర్టరీ చుట్టూ ఉండే లింఫోసైట్ల తొడుగు) ఎక్కడ, ఫాలికల్ ఎక్కడ, మార్జినల్ జోన్ ఎక్కడ అంటే విడదీయలేకపోయావు. పుస్తకం బొమ్మలో ఉన్న మార్జినల్ సైనస్ (అంచున రక్తం నిండే ఖాళీ కాలవ) ఎంత వెతికినా దొరకలేదు. పైగా వైవాలో "సెంట్రల్ ఆర్టరీ అంటున్నావు, మరి సెంటర్‌లో లేదేంటి" అని అడిగితే నోరు పెగల్లేదు. నేను గుంటూరులో పాథాలజీ చేస్తున్నా, రోజూ స్లైడ్లు చూడటమే పని, హిస్టాలజీ క్లాసులు కూడా చెప్పా, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

మీరంతా చేసేదేంటంటే జోన్ల పేర్లు బట్టీ పట్టి స్లైడ్ మీద ఆ పేర్ల కోసం వెతుకుతారు, అలా వెతికితే దొరకవు. ప్లీహంలో లింఫాయిడ్ టిష్యూ అంతా రక్తనాళం చుట్టూ కట్టుకున్నదే, అసలు దాని ప్లానే ఆర్టరీ. లింఫ్ నోడ్‌కి లింఫ్ తెచ్చే అఫరెంట్ నాళాలుంటాయి, ప్లీహానికి అవి లేవు, బయటికి పోయేవి మాత్రమే ఉంటాయి. అంటే ఇక్కడికొచ్చే సూక్ష్మజీవి గానీ యాంటీజెన్ గానీ లింఫోసైట్ గానీ అన్నీ రక్తంలోనే రావాలి. అందుకే ఆర్టరీ లోపలికి వచ్చినచోటు నుంచి అది ఖాళీ అయ్యేచోటు దాకా దాని వెంట పోతే జోన్లన్నీ వరసగా వాటంతటవే తగుల్తాయి.

సీలియాక్ ట్రంక్ నుంచి స్ప్లీనిక్ ఆర్టరీ వస్తది, హైలం (నాళాలు లోపలికి పోయే చోటు) దగ్గర కొమ్మలై లోపలికి పోయి ట్రెబెక్యులాలో (లోపలి గట్టి పీచు పట్టీల్లో) నడుస్తది, అక్కడ దాన్ని ట్రెబెక్యులర్ ఆర్టరీ అంటాం. గట్టి కనెక్టివ్ టిష్యూలో ఉన్నంతసేపూ దాని చుట్టూ లింఫోసైట్లు ఉండవు. ట్రెబెక్యులా వదిలి పల్ప్‌లోకి అడుగుపెట్టగానే బయటి పొర అడ్వెంటీషియా వదులై రెటిక్యులర్ టిష్యూగా మారిపోతది, అందులో టీ లింఫోసైట్లు చేరి తొడుగులా కమ్ముకుంటాయి. ఆ తొడుగే పెరి ఆర్టీరియోలార్ లింఫాయిడ్ షీత్, పాల్స్. దాని మధ్యలో పోయే నాళం కాబట్టి సెంట్రల్ ఆర్టరీ అన్నారు, నిజానికి సైజులో అది ఆర్టీరియోలే. ఆ పేరు పాల్స్‌ని చూసి పెట్టింది, ఫాలికల్‌ని చూసి పెట్టింది కాదు. వైవా ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం ఏంటంటే, ఆ తొడుగుకి ఒక పక్కన బీ లింఫోసైట్లు గుంపుగా చేరి ఫాలికల్ అవుతది. ఫాలికల్ తొడుగు చుట్టూ సమానంగా పెరగదు, ఒక వైపుకి ఉబ్బుతది, అప్పుడు ఆర్టరీ దాని అంచుకి పోతది. అందుకే స్లైడ్‌లో ఫాలికల్ కనపడితే ఆర్టరీ దాదాపు ఎప్పుడూ పక్కకే ఉంటది. పరీక్షలో "పాల్స్‌లో మధ్యలోనే ఉంది మేడమ్, పక్కన ఫాలికల్ పెరగడం వల్ల ఇక్కడ అంచుకి జరిగింది" అని ఒక్క వాక్యం చెప్తే చాలు. కొన్ని ఫాలికల్స్‌లో ఆర్టరీ అసలు కనపడదు, కంగారుపడకు, సెక్షన్ ఆ నాళం లేనిచోట కోసుకుపోయింది అంతే, పక్క ఫాలికల్ చూడు. పది ఫాలికల్స్ చూస్తే ఎక్కువ వాటిలో ఆర్టరీ దొరికితే అది ప్లీహం. లింఫ్ నోడ్ ఫాలికల్‌కి ఇలా అంచున ఆర్టీరియోల్ ఉండదు. స్పాటర్‌లో (స్లైడ్ చూసి పేరు చెప్పే పరీక్షలో) ఈ రెండింటికీ తేడా అడుగుతారు కాబట్టి ఇంకో మూడు గుర్తులు కూడా చెప్తా: ప్లీహంలో కార్టెక్స్ (బయటి భాగం), మెడుల్లా (లోపలి భాగం) అనే విభజన లేదు, క్యాప్సూల్ కింద సబ్ క్యాప్సులర్ సైనస్ లేదు, హై ఎండోథీలియల్ వెన్యూల్స్ లేవు. ఆ వెన్యూల్స్ ఎందుకు లేవో ఒక్క క్షణం ఆలోచించు. నోడ్‌లో లింఫోసైట్ రక్తం నుంచి టిష్యూలోకి దూరాలంటే ప్రత్యేకమైన గోడ దాటాలి, ప్లీహంలో రక్తమే టిష్యూలోకి ఖాళీ అవుతుంటే ఇంక గోడ దాటే పనేముంది.

ఇప్పుడు ఫాలికల్ లోపల. ఈ జోన్ల సంగతే కాస్త నిదానంగా చూడాలి. ఆక్టివ్‌గా ఉన్న ఫాలికల్ తీసుకుని 10 ఎక్స్‌లో పెడితే మూడు వలయాలు కనపడాలి. మధ్యలో లేత రంగు, అది జెర్మినల్ సెంటర్, అక్కడి సెల్స్ పెద్దవి, న్యూక్లియస్ కాస్త తెరిచినట్టు ఉంటది కాబట్టి లేతగా కనపడతది. దాని చుట్టూ ముదురు నీలం వలయం, మాంటిల్ జోన్, చిన్న లింఫోసైట్లు ఒత్తుగా కూర్చుని ఉంటాయి. ఆ ముదురు వలయం బయట మళ్ళీ కాస్త లేత రంగు వలయం, అదే మార్జినల్ జోన్, అక్కడి బీ సెల్స్ మీడియం సైజు, సైటోప్లాజం కొంచెం ఎక్కువ, అందుకే సెల్‌కి సెల్‌కి మధ్య ఎడం ఉన్నట్టు కనపడతది. లేత, ముదురు, లేత, ఈ వరస గుర్తుపెట్టుకుంటే చాలు. మీలో చాలామంది ముదురు వలయం దగ్గర ఆగిపోయి అక్కడితో వైట్ పల్ప్ అయిపోయిందనుకుంటారు, దాని బయట ఉన్న లేత వలయాన్ని రెడ్ పల్ప్‌లో కలిపేస్తారు. 40 ఎక్స్‌కి మార్చి ఆ అంచు మీదే నెమ్మదిగా స్టేజ్ జరుపుతూ చూడు, చిన్న గుండ్రటి ముదురు న్యూక్లియస్‌లు పోయి కొంచెం పెద్దవి, కొంచెం వంకరగా ఉన్నవి మొదలయ్యేచోటు తెలుస్తది. లింఫ్ నోడ్స్‌లో ఈ మూడో వలయం మామూలుగా కనపడదు, పేగుల దగ్గరి మీసెంటెరిక్ నోడ్స్‌లో తప్ప. కాబట్టి ఇది కూడా ప్లీహానికి మంచి గుర్తే.

జెర్మినల్ సెంటర్‌లో కూడా రెండు భాగాలున్నాయి, డార్క్ జోన్‌లో సెంట్రోబ్లాస్టులు గబగబా విభజన చెందుతూ యాంటీబాడీ జీన్స్‌లో మార్పులు చేసుకుంటాయి, లైట్ జోన్‌లో సెంట్రోసైట్లు ఫాలిక్యులర్ డెండ్రిటిక్ సెల్ పట్టుకున్న యాంటీజెన్‌తో ఎంత గట్టిగా అతుక్కోగలవో పరీక్షించుకుంటాయి, అతుక్కోలేనివి చచ్చిపోతాయి, వాటి ముక్కల్ని మింగిన మాక్రోఫేజ్‌లే నీకు అక్కడక్కడా కనపడే టింజిబుల్ బాడీ మాక్రోఫేజ్‌లు. హెచ్ అండ్ ఈలో (స్లైడ్‌కి మామూలుగా వేసే నీలం, గులాబీ రంగుల్లో) ఈ రెండు భాగాలూ ప్రతిసారీ స్పష్టంగా విడిపోవు, ఫస్ట్ ఇయర్‌లో అంతదాకా ఎవరూ అడగరు కూడా.

ఆ సెల్స్ ఎవరి చోట వాళ్ళు ఎలా ఉంటున్నారు అనేది నాకు ఎప్పుడు చదివినా ముచ్చటగా ఉంటది. అడ్డుగోడలేం లేవు, పొర లేదు, అయినా టీ సెల్స్ ఆర్టరీ పక్కన, బీ సెల్స్ ఫాలికల్‌లో. కారణం స్ట్రోమల్ సెల్స్ (టిష్యూకి చట్రంలా ఉండేవి) వదిలే కెమోకైన్లు, అంటే సెల్స్‌ని తమవైపు లాగే రసాయనాలు. పాల్స్‌లో ఉన్న ఫైబ్రోబ్లాస్టిక్ రెటిక్యులర్ సెల్స్ సీసీఎల్19, సీసీఎల్21 తయారుచేస్తాయి, వాటికి సీసీఆర్7 రిసెప్టర్ ఉన్న టీ సెల్స్, డెండ్రిటిక్ సెల్స్ అక్కడికి చేరతాయి. ఫాలికల్‌లో స్ట్రోమా సీఎక్స్‌సీఎల్13 వదులుతది, సీఎక్స్‌సీఆర్5 ఉన్న బీ సెల్స్ అటు పోతాయి. యాంటీజెన్ తగిలిన బీ సెల్ తన సీసీఆర్7 పెంచుకుంటది, దాంతో ఫాలికల్ వదిలి టీ సెల్స్ సరిహద్దుకి వస్తది, అక్కడ హెల్పర్ టీ సెల్ దొరికితే కొన్ని బీ సెల్స్ బయటికొచ్చి త్వరగా ప్లాస్మా సెల్స్ అయిపోతాయి, ఇంకొన్ని ఫాలికల్‌లోకి వెనక్కి పోయి వారం అటూఇటూగా జెర్మినల్ సెంటర్ కడతాయి. కాబట్టి నువ్వు స్లైడ్‌లో చూసే ఆ గీతలు స్థిరంగా ఉన్నవి కాదు, ఆ రోజుకి ఆ మనిషి ఒంట్లో జరుగుతున్న పనిని బట్టి అలా నిలబడి ఉన్నాయి.

సరే, మార్జినల్ సైనస్. ఇది నీ తప్పు కాదు నాయనా. పుస్తకాల్లో కనపడే ఆ చక్కటి బొమ్మ, మధ్యలో ఆర్టరీ చుట్టూ పాల్స్ దాని పక్కన ఫాలికల్ మొత్తం చుట్టూ ఒక సైనస్, అది ఎక్కువగా ఎలుకల్లో చేసిన పని నుంచి వచ్చింది. చిట్టెలుక ప్లీహంలో వైట్ పల్ప్‌కీ మార్జినల్ జోన్‌కీ మధ్య మార్జినల్ సైనస్ నిజంగానే ఉంటది, దాని లోపలి అంచున మెటలోఫిలిక్ మాక్రోఫేజ్‌లు, బయట మార్జినల్ జోన్ మాక్రోఫేజ్‌లు అని రెండు రకాలు వరసగా ఉంటాయి. మనిషిలో ఆ సైనస్ లేదు, ఆ మాక్రోఫేజ్‌ల వరసలు కూడా అలా లేవు. దానికి బదులు మార్జినల్ జోన్ బయట పెరిఫాలిక్యులర్ జోన్ అని ఒకటుంటది, రక్తకణాలు వదులుగా నిండిన ప్రాంతం, కొన్ని కేపిలరీలు అక్కడే తెరుచుకుంటాయి. ఇంకో తేడా, మనిషిలో పాల్స్ ఎలుకలో లాగా ఆర్టరీ పొడుగునా సమానంగా మందంగా ఉండదు, చాలాచోట్ల పల్చగా, తెగితెగి, ఒక పక్కనే ఉంటది. జర్మనీలో మార్బర్గ్ యూనివర్సిటీలో బిర్టె స్టైనిగర్ బృందం మనిషి ప్లీహాన్ని వరస సెక్షన్లుగా కోసి రంగులేసి కంప్యూటర్‌లో 3డీగా పేర్చి చూసింది, మనిషి ప్లీహాన్ని మనిషి ప్లీహం లాగానే చదవాలని గట్టిగా చెప్పినవాళ్ళలో వాళ్ళు ముఖ్యులు. కాబట్టి నీ స్లైడ్ మనిషిదైతే మార్జినల్ సైనస్ కోసం వెతకడం ఆపెయ్, రికార్డులో కూడా అది గీయొద్దు, కనపడిందే గియ్యి. ఎవరైనా అడిగితే ఎలుకలో ఉంటది మనిషిలో పెరిఫాలిక్యులర్ జోన్ ఉంటది అని ధైర్యంగా చెప్పు.

సెంట్రల్ ఆర్టరీ వైట్ పల్ప్ దాటి పెనిసిల్లార్ ఆర్టీరియోల్స్‌గా చీలి రెడ్ పల్ప్‌లోకి పోతది, కొన్నిటి చివర కేపిలరీల చుట్టూ మాక్రోఫేజ్‌ల తొడుగు ఉంటది, షీథ్డ్ కేపిలరీస్ అంటారు. అక్కడినుంచి రక్తం ఎక్కువగా బిల్‌రోత్ కార్డ్స్‌లోకి (రెడ్ పల్ప్‌లో సైనస్‌ల మధ్య ఉండే టిష్యూలోకి) ఖాళీ అవుతది, కార్డ్స్ నుంచి సైనస్‌లోకి రావాలంటే గోడలోని సన్నటి చీలికల్లోంచి దూరాలి, ఏడెనిమిది మైక్రాన్ల ఎర్రకణం దానికన్నా బాగా ఇరుకైన సందులోంచి ఒళ్ళు వంచుకుని రావాలి, వంగలేని ముసలి కణం అక్కడే చిక్కి మాక్రోఫేజ్‌కి దొరుకుతది. రెడ్ పల్ప్ గురించి ఇంతకన్నా ఇక్కడ రాయను, నువ్వడిగింది లింఫాయిడ్ టిష్యూ. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, ప్లీహంలో ముప్పాతిక వంతు పైనే రెడ్ పల్ప్, వైట్ పల్ప్ అటూఇటుగా ఐదో వంతు లోపే. స్లైడ్‌లో నీలం తక్కువగా ఉందని కంగారుపడొద్దు, అలాగే ఉండాలి.

పిల్లలు ఇంకోటి కూడా అడుగుతారు, పుస్తకంలో అంత అందంగా ఉన్న జెర్మినల్ సెంటర్ మా స్లైడ్‌లో ఏది అని. స్లైడ్ ఎవరిదో, ఎలా వచ్చిందో చూడాలి. చిన్నపిల్లల ప్లీహంలో జెర్మినల్ సెంటర్లు నిండుగా ఉంటాయి, పెద్దవాళ్ళలో చాలా ఫాలికల్స్‌కి సెంటర్ ఉండదు, వయసు పైబడ్డవాళ్ళలో వైట్ పల్ప్ బాగా తగ్గి సెంట్రల్ ఆర్టరీ గోడ మాత్రం గులాబీ రంగులో గాజులా మందంగా, హయలైన్‌గా కనపడతది, దానికి బీపీ ఉండాల్సిన అవసరం కూడా లేదు. స్టెరాయిడ్లు వాడినవాళ్ళలో కూడా లింఫోసైట్లు తగ్గిపోతాయి. ఇక పోస్ట్‌మార్టమ్ నుంచి తీసిన ముక్క అయితే ఆటోలిసిస్ (టిష్యూ దానంతటదే కరిగి చెడిపోవడం) ఉంటది, ప్లీహం చాలా త్వరగా చెడిపోయే అవయవం, మన ఎండల్లో అయితే చెప్పనక్కర్లేదు. అలాంటి స్లైడ్‌లో 40 ఎక్స్‌లో ఏ సెల్ ఏదో తెలియదు, కానీ 4 ఎక్స్‌లో నీలం దీవులు, ఆర్టరీ రెండూ కనపడతాయి. ఆపరేషన్‌లో తీసిన ప్లీహాన్ని కూడా అలాగే డబ్బాలో ఫార్మలిన్ పోసి వదిలేస్తే లోపలికి ఫార్మలిన్ పోదు, పల్చగా ముక్కలు కోసి 10 శాతం ఫార్మలిన్‌లో వెయ్యాలి, మా దగ్గరికి అలా కొయ్యకుండా వచ్చిన స్పెసిమెన్ చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటది.

ఇంకో పని చెప్తా, కుదిరితే తప్పకుండా చెయ్. ఆదివారం పొద్దున మటన్ కొట్టుకెళ్ళి ఒక తిల్లి (ప్లీహమే) తీసుకో, ఇంట్లో వండుకునేదే. గ్లౌజులేసుకుని కొత్త బ్లేడుతో అడ్డంగా ఒక్క కోత కొయ్. కోసిన ముఖం ముదురు ఎరుపు, అందులో రెండు రకాల తెల్లనివి కనపడతాయి. గీతల్లా, కొమ్మల్లా గట్టిగా ఉన్నవి ట్రెబెక్యులా, మేక గొర్రెల్లో ఇవి బాగా బలంగా ఉంటాయి, క్యాప్సూల్‌లో నునుపు కండరం కూడా మనకన్నా చాలా ఎక్కువ. రెండో రకం బూడిద తెలుపు చుక్కలు, ఒక మిల్లీమీటర్ అటూఇటూ, అవే వైట్ పల్ప్. ఏది ఏదో తెలియకపోతే బ్లేడు వీపుతో మెల్లగా గీకు, వైట్ పల్ప్ రెడ్ పల్ప్‌తో పాటు గుజ్జుగా లేచి వచ్చేస్తది, ట్రెబెక్యులా కదలదు. తర్వాత అదే ముక్కని కుళాయి కింద పట్టుకుని వేలితో రుద్దుతూ కడిగితే పల్ప్ అంతా పోయి తెల్లటి పీచు చట్రం ఒకటి చేతిలో మిగుల్తది. అది చూశాక స్లైడ్‌లో గులాబీ రంగు గీత ఎందుకలా అక్కడక్కడా తెగి కనపడుతుందో మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు. చుక్కలు పచ్చిదాంట్లో సరిగా కనపడకపోతే డిపార్ట్‌మెంట్‌లో అడిగి ఒక ముక్క ఫార్మలిన్‌లో వేసి ఉంచు, రంగు మారాక బాగా తేలతాయి. ఇటలీలో మార్చెల్లో మాల్పీగి ఈ చుక్కల్ని 1666లో వర్ణించాడు, అందుకే వైట్ పల్ప్ ఫాలికల్స్‌ని మాల్పీగియన్ కార్పజిల్స్ అంటారు. కిడ్నీలో కూడా ఆయన పేరుతోనే కార్పజిల్స్ ఉన్నాయి, పరీక్షలో ఏ అవయవమో చూసి రాయి.

స్లైడ్ చూసే వరస కూడా చెప్తా. మైక్రోస్కోప్‌లో పెట్టేముందు స్లైడ్‌ని కిటికీ వెలుతురుకి పట్టుకుని ఉత్త కంటితో చూడు, గులాబీ మీద నీలం చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే ప్లీహం అయ్యే అవకాశం ఎక్కువ, నీలం అంతా అంచు వెంబడి బారుగా ఉంటే నోడ్ అయ్యుండొచ్చు. తర్వాత 4 ఎక్స్‌లో క్యాప్సూల్, ట్రెబెక్యులా చూసి ఏదో ఒక నీలం దీవి మీద ఆగు. అందులో చిన్న గులాబీ గోడ ఉన్న గుండ్రటి రంధ్రం వెతుకు, అదే నీ ఆర్టరీ. దాన్ని ఆనుకుని ఉన్న చిన్న ముదురు లింఫోసైట్లు పాల్స్, ఆర్టరీ నుంచి దూరంగా జరిగేకొద్దీ ఫాలికల్, వలయాలు. ఆర్టరీ పొడుగ్గా కోసుకుపడితే రెండు పక్కలా నీలం అంచులున్న గులాబీ కాలవ కనపడతది, అది పాల్స్‌ని చూడ్డానికి అన్నిటికన్నా మంచి చోటు, ఎందుకంటే అక్కడ ఫాలికల్ అడ్డం ఉండదు. మనిషి స్లైడ్‌లో పాల్స్ పల్చన అని చెప్పాగా, కొన్నిసార్లు నాలుగైదు వరసల సెల్స్ మాత్రమే ఉంటాయి, అది చాలు.

హెచ్ అండ్ ఈలో టీ లింఫోసైట్, బీ లింఫోసైట్ ఒకేలా ఉంటాయి, ఎంత పెద్ద పాథాలజిస్ట్ అయినా ఒక్క సెల్‌ని చూసి చెప్పలేరు, ఉన్న చోటుని బట్టి చెప్తాం. ఖచ్చితంగా కావాలంటే ఇమ్యునో స్టెయిన్ వెయ్యాలి, అంటే సీడీ3, సీడీ20 లాంటి ఫలానా ప్రోటీన్ ఉన్న సెల్స్‌కే యాంటీబాడీతో రంగు పట్టించడం. సీడీ3 వేస్తే ఆర్టరీ చుట్టూ గోధుమ రంగు వస్తది, సీడీ20 వేస్తే ఫాలికల్, మార్జినల్ జోన్ రెండూ రంగు పట్టుకుంటాయి, సీడీ21 వేస్తే ఫాలిక్యులర్ డెండ్రిటిక్ సెల్స్ అల్లుకున్న వల కనపడతది. ఐజీడీ వేస్తే మాంటిల్ బాగా పట్టుకుంటది, మార్జినల్ జోన్ పట్టదు లేదా చాలా లేతగా పడతది, హెచ్ అండ్ ఈలో చూసిన ముదురు లేత వలయాలు నిజంగానే వేరే సెల్స్ అని అప్పుడు కళ్ళముందే తేలిపోతది. పీజీ పిల్లలకి ఒక మాట, ప్లీహంలో సీడీ8 వేసినప్పుడు టీ సెల్స్‌తో పాటు సైనస్ గోడలోని లిట్టోరల్ సెల్స్ కూడా రంగు పట్టుకుంటాయి, రెడ్ పల్ప్ అంతా సీడీ8 టీ సెల్స్ నిండిపోయాయని రిపోర్ట్ రాసేయొద్దు.

ఇదంతా ఎందుకు నేర్చుకోవాలి, పరీక్షకేనా అంటావేమో. మార్జినల్ జోన్ ఒక్కటి చాలు చెప్పడానికి. అక్కడి బీ సెల్స్ రక్తం ఖాళీ అయ్యేచోటనే కాచుకుని ఉంటాయి, న్యూమోకాకస్ లాంటి క్యాప్సూల్ ఉన్న బ్యాక్టీరియా రక్తంలో వస్తే దాని పాలిసాకరైడ్ పొరని పట్టుకుని టీ సెల్ సాయం కోసం ఆగకుండా ఐజీఎమ్ యాంటీబాడీ తయారుచేస్తాయి. రెండేళ్ళలోపు పిల్లల్లో ఈ మార్జినల్ జోన్ ఇంకా సరిగా ఎదగదు, అందుకే ఉత్త పాలిసాకరైడ్ వ్యాక్సిన్ వాళ్ళకి సరిగా పనిచెయ్యదు, 23 రకాల న్యూమోకాకల్ పాలిసాకరైడ్ వ్యాక్సిన్ రెండేళ్ళు దాటాకే వేస్తాం. పసిపిల్లలకి వేసే కాంజుగేట్ వ్యాక్సిన్‌లో ఆ పాలిసాకరైడ్‌ని ఒక ప్రోటీన్‌కి అతికించి ఉంటారు, దాంతో టీ సెల్ సాయం వస్తది, జెర్మినల్ సెంటర్ ఏర్పడతది, పని జరుగుద్ది. మన దేశంలో ఈ కాంజుగేట్ టీకా ప్రభుత్వ కార్యక్రమంలోకి 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతా వచ్చింది. పాల్స్, ఫాలికల్, మార్జినల్ జోన్ తేడా తెలిస్తే ఈ రెండు టీకాల తేడా బట్టీ పట్టక్కర్లేదు.

ప్లీహం తీసేసినవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గుంటూరు విజయవాడ మధ్య హైవే మీద బైక్ యాక్సిడెంట్ అయి ఎడమ పక్క పక్కటెముకలు విరిగి ప్లీహం చిట్లి వచ్చేవాళ్ళు మనకి కొత్త కాదు. ఇప్పుడు సర్జన్లు వీలైనంత వరకు దాన్ని కాపాడ్డానికే చూస్తారు, తప్పనప్పుడే తీస్తారు. తీసేశాక మార్జినల్ జోన్ పోయింది, రక్తాన్ని వడకట్టే రెడ్ పల్ప్ కూడా పోయింది, న్యూమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బీ, ఈ మూడు బ్యాక్టీరియాలూ సందు దొరికితే గంటల్లో మనిషిని పడగొట్టగలవు. 1952లో కింగ్, షుమాకర్ అనే ఇద్దరు సర్జన్లు ప్లీహం తీసిన పసిపిల్లల్లో ఈ తీవ్రమైన ఇన్ఫెక్షన్ల గురించి రాసేదాకా ప్లీహం లేకపోయినా ఏం కాదనే చాలామంది అనుకునేవాళ్ళు. ముందే అనుకుని చేసే ఆపరేషన్ అయితే కనీసం రెండు వారాల ముందు టీకాలు పడాలి, ఎమర్జెన్సీలో తీస్తే సుమారు రెండు వారాలు ఆగి వేస్తాం. మీ ఇంట్లోగానీ తెలిసినవాళ్ళల్లోగానీ ఎవరికైనా ప్లీహం తీసి ఉంటే, జ్వరం వస్తే రేపు చూద్దాం అనుకోవద్దని చెప్పండి, అదే పూట ఆస్పత్రికి పోవాలి, పోయిన వెంటనే ప్లీహం లేదని డాక్టరుకి చెప్పాలి. కుక్క కరిచినా అంతే, రేబిస్ టీకాతో సరిపెట్టుకోకుండా ప్లీహం లేదన్న మాట చెప్తే యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. ఈ పేరా నీ పరీక్షకి రాకపోవచ్చు, చదివేవాళ్ళలో ఒక్కరికి పనికొచ్చినా చాలని రాశా.

జబ్బుల్లో ఈ నిర్మాణం ఎలా పనికొస్తదో కూడా కొంచెం చెప్పి ఆపుతా. కోసిన ప్లీహం చూడగానే మేము మొదట అడిగే ప్రశ్న, వైట్ పల్ప్ పెరిగిందా రెడ్ పల్ప్ పెరిగిందా అని. వైట్ పల్ప్‌ది అయితే తెల్ల చుక్కలు అంతటా సమానంగా లావై కనపడతాయి, స్ప్లీనిక్ మార్జినల్ జోన్ లింఫోమా, ఫాలిక్యులర్ లింఫోమా, సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా) ఇలా మొదలవుతాయి. రెడ్ పల్ప్‌ది అయితే చుక్కలు మాయమై ముఖమంతా ఒకే ఎరుపు, హెయిరీ సెల్ లుకేమియా, సీఎమ్ఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా) ఈ కోవ. మలేరియాలో ఊళ్ళల్లో కడుపులో బల్ల అనేవాళ్ళే, ఆ వాపు కూడా ఎక్కువగా రెడ్ పల్ప్‌దే, మాక్రోఫేజ్‌లలో నల్లటి పిగ్మెంట్ కనపడతది. పెద్ద పెద్ద గడ్డలుగా ఉంటే డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా, హాడ్జికిన్ లాంటివి గుర్తుకు రావాలి. ఇంకోటి అమైలాయిడ్, టిష్యూలో పేరుకునే ఒక అసహజ ప్రోటీన్. అది ఫాలికల్స్ వరకే పేరుకుంటే కోసిన ముఖం మీద ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా మెరిసే చుక్కలు కనపడతాయి, సాగో స్ప్లీన్ అంటారు, అదే సైనస్ గోడల్లో పేరుకుంటే చుక్కలుండవు, ముఖమంతా మైనం రంగులో గట్టిపడతది, అది లార్డేషియస్ స్ప్లీన్. చాలా కాలేజీల పాథాలజీ మ్యూజియంలో సాగో స్ప్లీన్ జార్ ఒకటి ఉంటది, ఇప్పుడే వెళ్ళి ఒకసారి చూసిరా, ఆ గింజ ఒక్కోటీ ఒక్కో ఫాలికల్ అని తెలిసి చూస్తే సెకండ్ ఇయర్‌లో మళ్ళీ చదవాల్సిన పని ఉండదు.

నీ స్లైడ్ ఫోటో ఉంటే 4 ఎక్స్‌ది ఒకటి, 10 ఎక్స్‌ది ఒకటి పెట్టు, ఫోన్ కెమెరా ఐపీస్‌కి ఆనించి తీసింది చాలు, ఆర్టరీ ఎక్కడుందో నువ్వే బాణం గుర్తు గీసి పెట్టు, మిగతా జోన్లు నేను చూసి చెప్తా.